పేరున్న ఎలుగు, పేరులేని ఎలుగు

విస్లర్‌లో ఎలుగుబంట్ల టూర్‌కి టికెట్ కొంటే ఎలుగుబంటి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కథ మాత్రం ఖాయం. జీప్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఒక మనిషి చెప్తూనే వుంటాడు, మిగతావాళ్ళు వింటూనే వుంటారు. మధ్యలో ఎలుగు కనిపిస్తే కథకి బొమ్మ దొరికినట్టు. లేదంటే బొమ్మల్లేని పుస్తకం చదివినట్టు. అందుకే ఈ టూర్‌ని ఒక సినిమానో నవలనో చూసినట్టు చూడాలనిపించింది. ఈ కథ ఎవరు చెప్తున్నారు? ఎక్కడ మొదలుపెడుతున్నారు? ముఖ్యంగా, ఎక్కడ ఆపేస్తున్నారు?

ముందు ఊరి గురించి కొంచెం. కెనడా పశ్చిమాన బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్‌కి ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో వుంది విస్లర్. 2010 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ పోటీలు చాలావరకు ఇక్కడే జరిగాయి. సియాటిల్‌లోనో వాంకూవర్‌లోనో వుండే మనవాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఇక్కడి గొండోలా ముందు ఒక ఫొటో వుండాల్సిందే. విస్లర్, బ్లాక్‌కోమ్ అని రెండు కొండలు, వాటి కింద హోటళ్ళతో, షాపులతో నిండిన చిన్న ఊరు. చలికాలమంతా స్కీయింగ్. మంచు కరిగాక అవే వాలుల మీద సైకిళ్ళు, నడక దారులు, ఎలుగుబంట్లు.

స్కీ లిఫ్టుల మరమ్మతు కోసం కొండ మీదకి కంకర రోడ్లు వేశారు. మామూలు కారు ఎక్కలేని నిటారు రోడ్లు. టూర్ నడిచేది వాటి మీదే, ఫోర్ వీల్ డ్రైవ్ జీపుల్లో, ఎక్కువగా తెల్లవారుజామునో సాయంత్రమో. నేను వెళ్ళింది జూన్‌లో, సాయంత్రం ట్రిప్పుకి. ఏడుగురం. కిందకి దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, తిండి పొట్లాలు విప్పకూడదు. ఎలుగు కనపడగానే గైడ్ బండి ఆపి ఇంజన్ కట్టేస్తాడు. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారిగా గుసగుసలోకి దిగుతుంది. గుళ్ళో గర్భగుడి దగ్గరికి వచ్చినప్పుడు మనం గొంతు తగ్గించినట్టు.

ఈ టూర్‌లో బాగున్నదేంటో ముందు చెప్పాలి. చాలానే వుంది.

మా గైడ్ మంచి కథకుడు. ఎలుగు కనిపించని మొదటి నలభై నిమిషాలు ఏ మాత్రం విసుగు పుట్టలేదు. నల్ల ఎలుగు అని పేరే గానీ అన్నీ నల్లగా వుండవని, గోధుమ రంగువి, దాల్చినచెక్క రంగువి కూడా వుంటాయని చెప్పాడు. శీతాకాలంలో నెలల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా, మలమూత్రాలు కూడా విసర్జించకుండా పడుకుంటాయని చెప్పాడు. శరదృతువులో ఆ నిద్రకి సిద్ధమయ్యేటప్పుడు రోజుకి ఇరవై వేల కేలరీల దాకా తింటాయట. వీటిలో కొన్ని మనకి డాక్యుమెంటరీల్లో తెలిసినవే. కానీ ఒక్క విషయం చెప్పిన తీరు మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఆడ ఎలుగు వేసవి మొదట్లో జత కడుతుంది. పిండం వెంటనే గర్భంలో కుదురుకోదు, నెలల తరబడి ఎదుగుదల ఆపుకుని వుండిపోతుంది. నవంబర్ వచ్చేసరికి తల్లి ఒంట్లో సరిపడా కొవ్వు వుంటేనే కుదురుకుంటుంది, లేకపోతే లేదు. జనవరి, ఫిబ్రవరిల్లో గుహలో పుట్టే పిల్ల అరకిలో కూడా వుండదు. "అంటే ఆగస్టులో హకిల్‌బెర్రీలు కాస్తాయా లేదా అన్నదే ఈ కొండ మీద ఎన్ని పిల్లలు పుడతాయో తేలుస్తుంది" అన్నాడు. పళ్ళకీ పిల్లలకీ ముడి వేసిన ఆ వాక్యం తర్వాత కిటికీలోంచి పొదల్ని చూసే తీరే మారిపోయింది. మంచి వచనం చేసే పని అదే.

తర్వాత వాలు మీద ఒక ఆడ ఎలుగు కనిపించింది. నలభై మీటర్ల దూరంలో, తల దించుకుని, ఆవు మేసినట్టు గడ్డి మేస్తోంది. దాని వెనక రెండు పిల్లలు. గైడ్ దానికి పేరుందని చెప్పి ఆ పేరు చెప్పాడు. ఇక్కడ రాయడం లేదు, ఎందుకో తర్వాత చెప్తాను. పేరుతో పాటు జీవితచరిత్ర కూడా వచ్చింది. దాని తల్లి ఎవరు, ఏ ఏడాది ఎన్ని పిల్లల్ని పెట్టింది, ఏ మగ ఎలుగుకి భయపడి ఏ వాలు వదిలేసింది. జీప్‌లో అందరి ముఖాలూ మారిపోయాయి. అప్పటిదాకా 'ఒక ఎలుగు'. ఇప్పుడు తెలిసినవాళ్ళ అమ్మాయి.

ఈ పేరు పెట్టడమే టూర్ మొత్తానికి గుండెకాయ. ఎలుగుకి పేరు పెట్టే అలవాటు ఇక్కడ కొత్తదేం కాదు. ప్రపంచంలో పిల్లలందరికీ తెలిసిన రెండు ఎలుగులూ ఉత్తర అమెరికా నల్ల ఎలుగుల నుంచి వచ్చినవే. 1902లో మిసిసిపీలో వేటకి వెళ్ళిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్, చెట్టుకి కట్టేసి తెచ్చి చూపించిన ఎలుగుని కాల్చనన్నాడు. దాని మీద కార్టూన్ వచ్చింది, ఆ కార్టూన్ నుంచి టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది. అప్పటికే గాయపడి వున్న ఆ ఎలుగుని ఆయన మాట మీదే అక్కడే చంపేశారన్న సంగతి బొమ్మతో పాటు రాలేదు. 1914లో ఒక కెనడా సైనికాధికారి ఆంటారియోలోని ఓ రైల్వే స్టేషన్‌లో వేటగాడి దగ్గర ఇరవై డాలర్లకి ఒక ఎలుగు పిల్లని కొని, తన ఊరు విన్నిపెగ్ పేరు మీద విన్నీ అని పిలుచుకున్నాడు. అదే లండన్ జూకి చేరి విన్నీ ద పూ అయింది. దాని తల్లి ఏమైందో ఆ పూ పుస్తకాల్లో వుండదు. రెండుచోట్లా పేరు నిలిచింది, ఎలుగు కథలో సగం రాలిపోయింది.

పేరు పెట్టడం మీద అనుమానంతో నడిచిన రచనలూ వున్నాయి. కెనడా రచయిత్రి మేరియన్ ఎంగెల్ 1976లో రాసిన 'బేర్' నవలలో లూ అనే ఆర్కైవిస్ట్ ఒక దీవిలో ఎలుగుతో ఒంటరిగా గడుపుతుంది. వాళ్ళ సంబంధం ఎంత దూరం వెళ్ళిందన్న దాని మీదే ఇన్నేళ్ళుగా గొడవ. నన్ను ఆపిన విషయం వేరు. నవల చివరిదాకా ఆ ఎలుగుకి పేరుండదు. లూ దాని మీద ఏ అర్థం రుద్దబోయినా అది జారిపోతుంది. చివరికి పంజాతో ఆమె వీపు మీద చర్మం చీరేస్తుంది. అది కోపమా, అలవాటా, ఇంకేదైనానా అన్నది రచయిత్రి చెప్పదు. వెర్నర్ హెర్జోగ్ డాక్యుమెంటరీ 'గ్రిజ్లీ మ్యాన్' (2005) దీనికి అటు చివర వుంటుంది. తిమోతీ ట్రెడ్‌వెల్ పదమూడు వేసవులు అలాస్కా ఎలుగుల మధ్య బతికాడు, ఒక్కోదానికీ పేరు పెట్టాడు, ఒకదాన్ని మిస్టర్ చాక్లెట్ అని పిలిచాడు. 2003 అక్టోబర్‌లో అతన్నీ అతని స్నేహితురాలినీ ఒక ఎలుగు చంపేసింది. ట్రెడ్‌వెల్ ఆ ముఖాల్లో చుట్టరికం చూశాడు, నాకు మాత్రం వాటిలో ప్రకృతి ఉదాసీనత తప్ప ఏమీ కనపడదు అంటాడు హెర్జోగ్. ఆ మాట కూడా నాకు పూర్తిగా నచ్చదు. ఎలుగు ముఖంలో చుట్టరికం వెతికినవాడూ, శూన్యం వెతికినవాడూ ఇద్దరూ ఎలుగు ముఖంలోనే వెతికారు. అది ఏం తింటోందో, ఆ తిండి ఎక్కడిదో చూడలేదు.

విస్లర్‌లో నేను అడగాలనుకున్న ప్రశ్న అదే. ఆ తల్లి ఎలుగు మేస్తున్నదేంటి?

క్లోవర్ గడ్డి. అడవిలో దానంతట అది మొలిచింది కాదు. స్కీ వాలు కోసం చెట్లు కొట్టేశాక మట్టి కొట్టుకుపోకుండా విత్తనాలు చల్లి పెంచిన పచ్చిక. మంచు కరిగిన వెంటనే లేతగా మొలుస్తుంది, మాంసకృత్తులు ఎక్కువ. గుహలోంచి బక్కచిక్కి బయటికొచ్చిన ఎలుగుకి అంతకన్నా ఏం కావాలి? ఎండ పడే వాలుల అంచున బెర్రీ పొదలూ బాగా కాస్తాయి. అంటే మన కళ్ళ ముందున్న 'అడవి' దృశ్యంలో ఎలుగు తప్ప మిగతావి చాలావరకు రిసార్టు పెట్టిన భోజనమే. ఇదేం నేరం కాదు. కానీ ఇది కథలో పెద్ద మలుపు. మా టూర్‌లో మాత్రం ఒక్క వాక్యంలో, ఫొటోలు తీసుకుంటున్న హడావుడిలో అయిపోయింది.

ఇంకో మలుపు అసలు రానేలేదు. 1970ల దాకా విస్లర్ చెత్తకుప్ప ఎక్కడుండేదంటే, ఇవాళ హోటళ్ళూ ఐస్‌క్రీమ్ షాపులూ వున్న విస్లర్ విలేజ్ స్థలంలోనే. ఎలుగుల్ని చూడాలంటే జనం ఆ కుప్ప దగ్గరికే పోయేవాళ్ళు. 70ల చివర్లో దాన్ని మూసేసి అక్కడే ఊరు కట్టారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో అయితే ఇది ఏకంగా ప్రదర్శన. 1930లలో హోటళ్ళ ఎంగిలి కూడు తెచ్చి కుప్ప పోస్తే గ్రిజ్లీలు వచ్చి తినేవి. ఎదురుగా బల్లల మీద వరసలుగా కూర్చున్న పర్యాటకులకి రేంజర్ నిలబడి వాటి గురించి చెప్పేవాడు. తర్వాత ఆ ప్రదర్శన మానేశారు. 1970 ప్రాంతంలో చెత్తకుప్పలూ మూసేశారు. అలవాటుపడ్డ ఎలుగులు ఊళ్ళ మీదా క్యాంపుల మీదా పడ్డాయి, చాలా చచ్చాయి. 1975 నాటికి గ్రిజ్లీని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

ఇవాళ్టి జీప్ టూర్ ఆ బల్లల మీద కూర్చున్న ప్రేక్షకుడి వారసురాలే. నిస్సందేహంగా ఎంతో మెరుగైన వారసురాలు. ఎలుగుకి ఎవరూ తిండి పెట్టరు, దగ్గరికి పోరు. అయినా కుర్చీలో కూర్చున్న జనం, తింటున్న జంతువు, మధ్యలో వివరించే మనిషి అనే అమరిక అదే. 'జంతువుల్ని ఎందుకు చూస్తాం' అన్న ప్రశ్న మీద జాన్ బెర్జర్ రాసిన వ్యాసంలో ఒక వాదన వుంది. జంతువులు మన రోజువారీ బతుకులోంచి మాయమవుతున్న కాలంలోనే వాటిని చూపించే జూలు పెరిగాయని. విస్లర్ విషయంలో ఈ వాదన కొంచెం తిరగబడుతుంది. ఇక్కడ ఎలుగులు రోజువారీ బతుకులోంచి మాయమవలేదు. రాత్రిపూట ఊళ్ళోకి వస్తున్నాయి. మాయమైంది టూర్ చెప్పే కథలోంచి.

ఊళ్ళోకి వచ్చిన ఎలుగుకి ఏమవుతుంది? విస్లర్ ఈ విషయంలో చేతులు ముడుచుకు కూర్చోలేదు, అది ఒప్పుకోవాలి. వీధుల్లో ఎలుగు పంజా దూరని గొళ్ళెం వున్న చెత్తడబ్బాలు పెట్టారు. ఇళ్ళ ముందు చెత్త పెడితే బండి వచ్చి తీసుకుపోయే పద్ధతి లేదు, ఎవరి చెత్త వాళ్ళే డిపోకి మోసుకుపోవాలి. ఎలుగుకి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం. ఇన్ని చేసినా ఒక టూరిస్టు కారులో వదిలేసిన చిప్స్ ప్యాకెట్టు, ఒక అద్దె ఇంటి గ్యారేజీ తలుపు తెరిచివుండడం చాలు. ఒకసారి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ వస్తుంది, ఇంకొంచెం ధైర్యంగా వస్తుంది. చివరికి తుపాకీతో కన్సర్వేషన్ ఆఫీసర్ వస్తాడు. బ్రిటిష్ కొలంబియా మొత్తంలో 2023లో ఇలా చంపిన నల్ల ఎలుగులు 600 దాటాయి.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం వచ్చే ఒక ఉదంతం చెప్పాలి. 2015లో వాంకూవర్ ఐలాండ్ ఉత్తరాన పోర్ట్ హార్డీలో ఒక తల్లి ఎలుగు ఇళ్ళలోకి చొరబడింది. బ్రైస్ కాసవాంట్ అనే ఆఫీసర్ దాన్ని చంపాడు. రెండు పిల్లల్నీ చంపమని పైనుంచి ఆదేశం. అవి చెత్తకి అలవాటుపడలేదని, చంపనని అతను పునరావాస కేంద్రానికి తీసుకెళ్ళాడు. ఉద్యోగం పోయింది. ఏళ్ళ తరబడి పోరాడాక 2020లో అప్పీలు కోర్టు ఆ తొలగింపు చెల్లదంది. ఆ పిల్లలకి జోర్డాన్, అథీనా అని పేర్లు పెట్టారు, ఆ పేర్లతోనే వార్తలు ఊరూరా తిరిగాయి, లక్షలమంది సంతకాలు చేశారు, అవి మళ్ళీ అడవికి చేరాయి. అంటే పేరుకి బలం వుంది. పేరు ప్రాణం నిలబెట్టగలదు. కానీ వాటి తల్లికి పేరు లేదు. ఆ ఏడాది చచ్చిన మిగతావాటికీ లేవు. పేరు ఒక ఎలుగుని గుంపులోంచి బయటికి లాగుతుంది. గుంపుని మాత్రం అక్కడే వదిలేస్తుంది.

జీప్‌లో విన్న పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. రాస్తే మీకు ఆ ఒక్క ఎలుగు మీద ప్రేమ పుడుతుంది. ఆ ప్రేమకి కాదనను, కానీ ఈ వ్యాసం దాని గురించి కాదు.

మనవైపు పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. మనకి ఎలుగు అంటే పేరు లేదు, ఒక మాట వుంది: హల్‌చల్. 'ఎలుగుబంటి హల్‌చల్' అన్న స్క్రోలింగ్ లేకుండా శ్రీకాకుళం జిల్లాలో ఏ వేసవీ గడవదు. ఉద్దానం జీడితోటల్లోకి, పనసపళ్ళ కోసం, కొబ్బరి కోసం వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, ఇంకొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఆ ఎలుగు కూడా చచ్చిపోయింది. మన ఎలుగు జాతి వేరు, మనిషి మీద పడే స్వభావం దానికి చాలా ఎక్కువ. తెల్లారకముందే తోటకి పోవాల్సిన మనిషికి అది జీప్ కిటికీలోంచి కనపడే దృశ్యం కాదు. కాబట్టి రెండు చోట్లనీ ఒక గాటన కట్టడం అన్యాయం. కథ చెప్పే పద్ధతిలో మాత్రం ఒక పోలిక వుంది. అక్కడ ముద్దుపేరు, ఇక్కడ హల్‌చల్. రెండిట్లోనూ ఎలుగు ఎందుకొచ్చింది, దాని కొండ మీద తిండి ఏమైంది అన్న ప్రశ్న లేదు.

మనం చిన్నప్పుడు విన్న మొదటి ఎలుగు కథ కూడా ఇంతే కదా. ఇద్దరు స్నేహితులు, ఒకడు చెట్టెక్కాడు, ఇంకొకడు శవంలా పడుకున్నాడు, ఎలుగు వచ్చి వాడి చెవిలో ఏదో చెప్పి పోయింది. విస్లర్‌లో ఈ ఇద్దరిలో ఎవడి ఉపాయమూ పనికిరాదు. నల్ల ఎలుగు చకచకా చెట్లెక్కుతుంది. దాని ముందు చచ్చినట్టు పడుకోవద్దని, మెల్లగా వెనక్కి తగ్గమని, మీద పడితే ఎదురు తిరగమని అక్కడివాళ్ళు చెప్తారు. ఆ కథకి ఎలుగు సంగతి పట్టలేదు. మనిషికి మనిషి గురించి నీతి చెప్పడానికి ఒక నోరు కావాల్సివచ్చింది, అంతే. ఊళ్ళలో ఎలుగుని ఆడించే రోజుల్లో, భయం పోతుందని పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేవాళ్ళని, దాని వెంట్రుక తాయెత్తులో కట్టేవాళ్ళని మా అమ్మ చెప్తుంది. ఎలుగు ముక్కుకి తాడు, పక్కన ఆడించేవాడి మాటలు. ఆ తాడు పోయింది, మంచిదే. మాటలే ఇంకా మారాల్సింది.

ఇంత చెప్పాక టూర్‌కి వెళ్ళొద్దంటానా? అనను. వెళ్ళండి. ఆ మూడు గంటల్లో నేర్చుకునేది చాలా పుస్తకాల్లో దొరకదు. ఆ గైడ్లకి ఎలుగులంటే ఇష్టం వుంది, అది నటన కాదు. కానీ విమర్శకుడిగా నా కోరిక ఒకటుంది. టూర్ ఇంకో ఇరవై నిమిషాలు పెరగాలి. జీప్ కొండ దిగి హోటల్ ముందు ఆగకుండా చెత్త డిపో దగ్గర ఆగాలి. అందరూ దిగి ఆ చెత్తడబ్బా గొళ్ళెం ఒక్కసారి చేత్తో తెరిచి, మూసి చూడాలి. క్లోవర్ విత్తనం ఎవరు చల్లారో, పాత చెత్తకుప్ప ఎక్కడుండేదో, కిందటేడు ఎన్ని ఎలుగుల్ని చంపాల్సి వచ్చిందో గైడ్ అక్కడ చెప్పాలి, కొండ మీద చెప్పినంత బాగా చెప్పాలి. హకిల్‌బెర్రీకీ పుట్టబోయే పిల్లకీ ముడి వేసి చెప్పగలిగినవాడికి, చిప్స్ ప్యాకెట్టుకీ తుపాకీకీ ముడి వేసి చెప్పడం ఏం కష్టం?

అప్పటిదాకా మీరు వెళ్తే ఒక్క పని చేయండి. ఎలుగు కనిపించి, పేరు చెప్పి, ఫొటోలన్నీ అయ్యాక గైడ్‌ని అడగండి: నిరుడు మీరు పేరు పెట్టి చూపించినవాటిలో ఈ ఏడాది ఏవి లేవు, ఎందుకు లేవు? అతను ఎంతసేపు జవాబు చెప్తాడో చూడండి. టూర్ మంచిదో కాదో దాన్నిబట్టి తెలిసిపోతుంది.